జోలపాటలో ఓ ఖాళీ

పెళ్లయిన నెలకే మొగుడి చేత మైకు మోయించిన ఘనత మ్యూజియం అమ్మాయిది. "కొండల్లో హనీమూన్ అన్నావు. కొండలైతే వచ్చాయి," అంటూ అతను గూడెం దారిలో ఆయాసపడుతుంటే ఆమెకు నవ్వాగలేదు.

మ్యూజియంలో ఆదివాసీల గది వచ్చే వారం తెరుస్తున్నారు. లోపలికి అడుగుపెట్టగానే వినబడేది ఈ గూడెం అవ్వ జోలపాటే. పోయినసారి అవ్వ పాడితే అమ్మాయి రికార్డు చేసుకుంది. "అందరికీ వినిపించవచ్చా?" అంటే "దానికేం" అంది. అమ్మాయి గాల్లో తేలుతూ ఇల్లు చేరింది. ఒక్క చరణం అర్థం కాక మళ్లీ వచ్చింది, అంతే.

"అదా?" అంది అవ్వ బుట్ట అల్లుతూనే. "అది నాది కాదు పిల్లా. మా ఇళ్లలో బిడ్డ పుడితే తల్లి ఓ చరణం కలుపుతుంది. అది ఇక ఆ బిడ్డదే. నువ్వడిగేది పోయిన మా కోడలు నా మనవడికి కట్టింది."

"మరి సరేనన్నావుగా అవ్వా?"

"నా చరణానికి అన్నాను. పక్కింటి తలుపు కూడా నేనే తీస్తానా?"

పాట ఎవరెవరిదో అడగనే లేదు తను! మైకు మొగుణ్ణి వెంటేసుకుని గడపగడపకూ తిరిగింది. అందరూ నవ్వుతూ ఒప్పుకున్నారు. మిగిలింది మనవడు. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు, గుబురు మీసాల డ్రైవరు.

"ఇంతకీ అందులో ఏముంది?" అన్నాడు మొగుడు అమాయకంగా.

"ముక్కు కారే బుజ్జి పందీ, అమ్మ కొంగే నీ రుమాలూ అని," అవ్వ పకపకా నవ్వింది.

"అవ్వా!" డ్రైవరు ముఖం కందిపోయింది. "వద్దు మేడమ్. నా బస్సునిండా కాలేజీ పిల్లలే. ఇది విన్నారంటే నేను హారన్ కొట్టినా ముక్కు చీదాననే అంటారు."

"ఆ ముక్క కత్తిరించెయ్. ఎవరికి తెలుస్తుంది?" మొగుడు చెవిలో గొణిగాడు.

"మన పెళ్లి ఫొటోలోంచి నిన్ను కత్తిరించినా ఎవరికీ తెలీదు. చెయ్యనా?"

"కత్తిరిస్తే వీడు ఈ ఇంట్లో పుట్టనట్టేగా," అంది అవ్వ. ఈసారి నవ్వలేదు.

అమ్మాయి మ్యూజియంలో ఆ గది గుమ్మాన్ని తలుచుకుంది. పాట లేకుండా బోసిగా ఉంటుంది. ఉండనీ. "అన్నా, మీరు వద్దంటే పాటే పెట్టం. ఇక్కడే చెరిపేస్తాను."

డ్రైవరు మీసం దువ్వుకున్నాడు. "అమ్మ కట్టింది కదా... పాటలో నా చోటు నాకుంచండి. ఆ మాటలే వద్దు."

"అక్కడ పాట ఆపి ఊరుకుంటే సరి," అంది అవ్వ. "బిడ్డ నిద్రపోయాడనుకుంటారు."

గది తెరిచిన రోజు డ్రైవరు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పాట సాగి సాగి ఒకచోట ఆగింది. "మైకు పోయినట్టుందే," అన్నారెవరో. మొగుడి పెదాలు కదలబోయాయి. అమ్మాయి గట్టిగా గిల్లింది.

ఆ నిశ్శబ్దం ఉన్నంతసేపూ డ్రైవరు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పాట మళ్లీ అందుకోగానే జేబులోంచి రుమాలు తీసి, హాలంతా వినబడేలా ముక్కు చీదాడు.