కరెంటు మెడలో తాడు

తెనాలి నుంచి దిగిన కాలేజీ పిల్లలు తాబేలు గుడ్లు ఏరి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్ది మద్రాసు పంపిస్తున్నారట. అక్కడ గొప్పోళ్లు వాటితో అట్లు పోసుకుంటారట. ఈ మాట మాణిక్యమ్మది. ఆమెకు చెప్పింది నిజాంపట్నంలో ఉన్న ఆడపడుచు. ఆ ఆడపడుచు ఈ పల్లెపాలెం మొహం చూసి రెండేళ్లయింది గాని, ఇక్కడి సంగతులు ముందు ఆమెకే తెలుస్తాయి.

"పోసుకోనీవే, నీకేంటి?" అంది పక్కింటి కొండమ్మ, ఇసుక మీద ఎండబోసిన నెత్తళ్లను తిరగేస్తూ. "నా చేపలు తొక్కకుండా ఉంటే చాలు."

తొక్కలేదు. బుద్ధిమంతులే. బాపట్లకు దిగువన, ఆ సముద్రపు ఒడ్డున, సరుగుడు తోట అంచున గుడారాలు వేసుకున్నారు. వాళ్ల జువాలజీ లెక్చరరు చలపతిరావు ఊరివాళ్లను వలల పాక దగ్గర కూర్చోబెట్టి విషయం చెప్పాడు. సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులివి. పెట్టిన చోట కంచె కట్టి, పిల్లలు బయటికొచ్చి నీళ్లలో పడేదాకా కాపాడాలి. ఎవరూ కాదనలేదు. వలలో తాబేలు పడితే కూర్మస్వామి అని పసుపు రాసి, దణ్ణం పెట్టి వదిలే జనం వాళ్లు. కంచెకి పాత వలలిచ్చారు, కర్రలిచ్చారు. "మన సామి మీద ఈ సారుకి ఇంత భక్తేంట్రా!" అని నవ్వుకున్నారు.

శిబిరంలో వంట బర్నబాసుది. రేపల్లెలో లూథరన్ బడి పంతులుగారబ్బాయి. పదిమందికి వండమంటే ఇరవైమందికి వండే చెయ్యి.

"ఇంత మిగిలిస్తే ఎట్లారా?" అనేవాడు చలపతిరావు.

"గిన్నె ఖాళీ అయితే ఎవరికో చాలలేదని మా అమ్మ కుమిలిపోద్దండి సార్."

ఒకరోజు పొద్దున చూస్తే కంచె కింద ఇసుక తవ్వి ఉంది. తోలులాంటి పెంకులు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. చుట్టూ కుక్క అడుగులు. ఊరి కుక్కల్లో ఒడ్డున పడుకునేది ఒక్కటే, కొండమ్మది. ఊళ్లో కరెంటు స్తంభాలు పాతిననాడు పుట్టిందని దానికి కరెంటని పేరు పెట్టుకుంది.

కొండమ్మ ఒంటిమనిషి. సంతరోజు ఎండుచేపల తట్ట ఎత్తుకుని రేపల్లె బస్సెక్కితే, తిరిగొచ్చేదాకా ఇసుక మీది చేపలను పందులూ కాకులూ ముట్టకుండా చూసేది ఆ కుక్కే. అది లేకపోతే ఆమెకు సంత లేదు.

"మేమున్నన్నాళ్లు కుక్కను కట్టేయాలండి కొండమ్మగారూ," అన్నాడు చలపతిరావు.

"అది గుడ్డు ముట్టదు బాబూ. చేపల మధ్య పడుకుని చేపే ముట్టదు."

"అడుగులు కనపడుతున్నాయి కదమ్మా."

"అడుగులు దీనికొక్కదానికే ఉన్నాయా?"

మాణిక్యమ్మ అడ్డం వచ్చింది. "సామి గుడ్ల కాడ తగువేంటే? ఊరికి అరిష్టం. కట్టెయ్."

మద్రాసు అట్ల మాట ఆమెకిప్పుడు గుర్తు లేదు. స్వామి పేరు వినబడ్డాక కొండమ్మ లేచి పాకలోకి వెళ్లింది. పడవ తాడు ముక్క తెచ్చి కుక్కను పాక గుంజకు కట్టేసింది.

పుట్టి ఎరగని తాడు. మొదటిరోజు కరెంటు ఏడ్చింది. తర్వాత ఏడుపు మాని తిండి మానేసింది. సంతరోజు రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి వెళ్లిపోతుంటే, కొండమ్మ కర్ర పట్టుకుని చేపల పక్కనే కూర్చుంది. మంచినీళ్లకని వెళ్లొచ్చేలోపే పందులు పడి సగం నెత్తళ్లు ఇసుకలో తొక్కేశాయి. మిగిలినవి ఒక్కొక్కటే ఏరుకుంది.

ఆ సాయంత్రం బర్నబాసు కోడికూర కలిపిన అన్నం ఆకులో తెచ్చి కుక్క ముందు పెట్టాడు.

"తినరా కరెంటూ. మామ్మా, నువ్వన్నా చెప్పు దీనికి."

"కుక్కక్కూడా ఇంతన్నమేంటబ్బాయ్?"

"ఇంకా బోలెడుంది మామ్మా. రోజూ గుడారాల వెనక పారబోస్తూనే ఉన్నా."

కుక్క ముట్టలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున మరో చోట గుడ్లు పోయాయి. పిల్లలంతా కంచె దగ్గర మూగారు. మాణిక్యమ్మ నేరుగా కొండమ్మ పాక వైపు చూసింది. కరెంటు గుంజకు కట్టేసే ఉంది, ముడి ఊడలేదు.

చలపతిరావు ఈసారి అడుగుల వెంట నడిచాడు. అందరూ ఆయన వెనక నడిచారు. అడుగులు ఊరివైపు తిరగలేదు. తిన్నగా గుడారాల వెనక్కి పోయాయి. అక్కడ కొరికిన ఎముకలు, ఎండిన మెతుకులు, తొక్కి తొక్కి గట్టిపడిన ఇసుక. అక్కడి నుంచి సరుగుడు తోటలోకి కాలిబాటలాగే పడింది.

"నక్కలండి సార్," అన్నాడు బర్నబాసు. చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచనట్టు నిలబడ్డాడు.

"తోటలో నక్కలు ఎప్పుడూ ఉన్నయ్యే," అంది మాణిక్యమ్మ. "ఒడ్డుకి ఎప్పుడొచ్చినయ్? కోడికూర వాసనకి నాకే రావాలనిపించింది, వాటికి అనిపించదా?"

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అనుకోకుండా జరిగిందండి. తప్పెవరిదన్నది పక్కన పెట్టి, ఇకమీదట అందరం కలిసి ఒక పద్ధతిగా..."

కొండమ్మ అప్పటికే పాక దగ్గరకెళ్లి తిరిగొచ్చింది. కరెంటు ఆమె కాళ్లకు రాసుకుంటూ వెంట వచ్చింది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి ఎర్రగా చార పడింది. చేతిలోని తాడును ఆమె చలపతిరావు ముందు ఇసుక మీద పడేసింది.

"కుక్కని విప్పేశా సారూ. ఇదిగో తాడు. ఇప్పుడెవర్ని కట్టేద్దాం?"