ఐదు ఓట్లూ ఒక్కరికే

ఎవరికి అన్యాయం జరిగింది? నా భర్త ఓజియాస్ లారెండీన్‌కు. ఎలా జరిగింది? అతనికి పడిన ఓట్లన్నిటినీ చెత్తబుట్టలో వేసి, ఒక్క ఓటూ రాలేదని అలబామా తీరంలోని మా డోరియా పాయింట్ పురపాలక భవనం మెట్ల మీద నిలబడి చదివారు. అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది.

పురపాలక సభలో ఐదు స్థానాలు. ప్రతి ఓటరుకూ ఐదు ఓట్లు. ఒక్కో అభ్యర్థికి ఒక్కటి మించి వేయకూడదు. తెల్లవారు ఎక్కువమంది కనుక ఐదు స్థానాలూ వారివే. మా నల్లవారిలో మొదట నిలబడినవాడు ఓజియాస్. మావాళ్ల అంత్యక్రియలు జరిపించే వృత్తి అతనిది. అతని అన్నం తెల్లవారి చేతిలో లేదు. మిగతా ఓట్లు ఇతరులకు వేస్తే అతని పోటీదారులను మేమే ముందుకు తోసినట్టని, అందరమూ అతని పేరు ఒక్కదానికే గుర్తు పెట్టాం. అయితే ఐదు పేర్లకూ గుర్తు పెట్టకపోతే చీటీ చెల్లదన్న నియమాన్ని మేము కాలుపెట్టలేని గదిలో గోడకు అంటించారు.

పెళ్లాం కూడా వెయ్యలేదట అని ఊరు నవ్వింది. ఆ తరువాత ముప్పై ఏళ్లు ఓజియాస్ మళ్లీ పోటీ చేయలేదు. "వద్దు క్లోటిల్డ్. ఆ మెట్ల ముందు ఇంకోసారి నిలబడలేను" అనేవాడు.

ఎనభై ఎనిమిదిలో, మావాళ్లు వేసిన దావా మీద కోర్టు ఈ ఓటు పద్ధతిని మార్చమన్నది. ఓటరు తన ఐదు ఓట్లనూ పంచవచ్చు, లేదా ఒక్కరికే కుప్పగా వేయవచ్చునని మా న్యాయవాది ప్రతిపాదించాడు. దాని మీద ఊరందరితో సమావేశం పెట్టారు. పురపాలక సభ అధ్యక్షుడు హార్లన్ టటిల్ నన్ను చూసి నవ్వాడు.

"ఒక మనిషికి ఒక ఓటని ఊరేగింపులు చేసింది మీవాళ్లే గదా, క్లోటిల్డ్ గారూ? ఇప్పుడు ఐదు కావాలా?"

"ఐదు మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి, టటిల్ గారూ. నావి ఎక్కడ వేసుకోవాలో మీరు చెప్పకండి. అంతే నేనడిగేది."

"ఎక్కువమంది మాటే గదండీ గెలవాలి."

"గెలవండి. సగం కంటే కాస్త ఎక్కువున్నారు, మూడు కుర్చీలు తీసుకోండి. ఐదూ ఎందుకు?"

వెనుక వరుసలో విల్మా ప్రూయిట్ లేచింది. రొయ్యల రేవులో ఉండే తెల్లామె. నాతో ఎన్నడూ మాట కలపలేదు.

"మేమూ తెల్లవాళ్లమే హార్లన్. అయినా రేవు వాడొక్కడన్నా ఉన్నాడా అక్కడ? ఐదుగురూ మీ పెద్ద వీధి వాళ్లేనాయె. మా రోడ్డు మునిగితే నీ బూటు ఎప్పుడన్నా తడిసిందా?"

జనం నవ్వారు. టటిల్ ముఖం ఎర్రబడింది.

"సరే, కుప్ప పోస్తారు. ఎవరికి? మన ఓజియాస్‌కా? కిందటిసారి వాడికి ఇంట్లో ఓటే పడలేదు, పాపం."

నా పక్కన కూర్చున్న ఓజియాస్ తల వంచుకున్నాడు. మొబీల్ పట్టణపు కాన్వెంటు బడిలో సిస్టర్లు నేర్పిన తీరున నేను నిటారుగా నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాను.

"నేను వేశాను. ఆయన ఒక్కడికే వేశాను. మా వీధంతా అలాగే వేసింది. ఆ చీటీలు బుట్టలో వేసింది అప్పుడు ఓట్లు లెక్కపెట్టిన మీ నాన్నగారు. మీరు గుమ్మంలో నిలబడి చూశారు. కాదని ఇక్కడ, ఇంతమందిలో చెప్పండి."

టటిల్ తన ముందున్న కాగితాలు సర్దుకోసాగాడు. ఓజియాస్ లేచాడు.

"నేను పోటీ చేస్తాను. లెక్క మాత్రం గదిలో కాదు, అందరి ముందూ జరగాలి."

ప్రతిపాదన ఐదుగురు సభ్యుల్లో ముగ్గురి మద్దతుతో గట్టెక్కింది. బహిరంగ లెక్కింపు కూడా అందులో చేరింది.

మా చర్చి వంటగదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో గిన్నె పెట్టి, ఐదేసి చిక్కుడు గింజలతో ముసలివాళ్లకు కొత్త పద్ధతి నేర్పాను.

"అన్నీ ఒక్క గిన్నెలోనేనా? మిగతా గిన్నెలు పస్తుంటాయి గదమ్మా" అంది మా వదిన ఎర్నస్టీన్.

"ముప్పై ఏళ్లు మనమున్నాం వదినా. వాళ్లనీ ఓ పూట ఉండనీ."

ఎన్నిక సాయంత్రం పురపాలక భవనం ముందు ఆరుబయట బల్ల వేసి, ఒక్కొక్క చీటీనీ ఎత్తి చూపి లెక్కించారు. చాలా చీటీల మీద ఐదు గుర్తులూ ఒకే పేరు పక్కన ఉన్నాయి. అందరికంటే ఎక్కువ ఓట్లు ఓజియాస్‌కు వచ్చాయి. రేవు నుంచి విల్మా తమ్ముడు కూడా గెలిచాడు. నా జీవితంలో అంత గర్వంగా ఏ గుంపులోనూ నిలబడలేదు.

టటిల్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి చేయి చాపాడు. "రండి, లారెండీన్ గారూ. మీ కుర్చీ లోపలుంది" అన్నాడు.

ఓజియాస్ ఆ చేయి అందుకుని, మెట్లెక్కి లోపలికి వెళ్లాడు. ఊరు అతనికి బాకీ పడ్డది ఆ సాయంత్రం పూర్తిగా తీరింది.