తాడు పట్టినవాడు

తిప్పేస్వామి జనరేటరు రేడియేటర్లో రెండో బిందె పోసి, అడుగున మిగిలిన నీళ్ళతో స్టీలు గ్లాసు నింపాడు. దాన్ని జనరేటరు డబ్బా మీద, తన కళ్ళకు ఎదురుగా పెట్టాడు. తాగడానికి కాదు. ఇరవయ్యారేళ్ళు డీజిలు మోత పక్కన కూర్చుని ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గరికొచ్చి అరిస్తే తప్ప పలకదు. ఇంజను మంచీచెడ్డా ఇప్పుడు గ్లాసే చెప్పాలి. నీళ్ళ మీద సన్నటి వలయాలుంటే అంతా సుఖమే. నీళ్ళు ఎగిరి అంచు దాటితే ఇంజను ఆయాసపడుతున్నట్టు. రాయదుర్గంలో సౌండు సెట్ల వాళ్ళు ఈ గ్లాసును చూసి నవ్వుతారు. నవ్విన వాళ్ళే పెళ్ళిళ్ళ కాలంలో అతని గుమ్మం ముందు నిలబడతారు.

సౌండు సెట్టు యజమాని ప్రవీణ్ వచ్చి కుడి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అన్నా, ఇది పెండ్లి గాదు. బెంగుళూరు నుంచి డీజే ఆశ్రిత వచ్చినాది. నల్లమల చెంచోళ్ళ అడవి కేసుకు చందాలు వసూలు చేస్తాండారు. లోకమంతా ఫోన్లలో సూస్తాంటాది. ఐదు నుంచి ఏడు దాకా ఒక్క నిమిషం కరెంటు పోయినా సూసేటోళ్ళంతా పోతారు. మళ్ళా రారు."

"పోదులేప్పా," అన్నాడు తిప్పేస్వామి.

బతుకంతా అతను ఇచ్చిన మాట ఇదొక్కటే. పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఎన్నికల సభలకూ వెలుతురు అతనిది, ఫోటోలు ఇంకొకరివి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! మోత వినపడకూడదని జనరేటరును వేదికకు రెండు వందల అడుగుల దూరాన పెడతారు, దాంతోపాటే మనిషినీ పెడతారు. అతనికి దాని మీద ఫిర్యాదు లేదు. ఇంటి దగ్గర జీన్సు ప్యాంట్లు కుట్టే భార్య సుజాత మాటలను పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె, అతని గుండె మాత్రల పొట్లం చొక్కా జేబులో పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టింది. దానికి పెదవులు చూడనక్కరలేదు.

కుందుర్పి గుట్ట కింద ఆ బీడులో మధ్యాహ్నం నీడంటూ ఉన్నది జనరేటరు పక్కనే. అందుకే చెంచుల తరపున వచ్చిన లింగన్న అక్కడికొచ్చి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, ఎండిన చింతబరికెలా ఉన్నాడు. సాయంత్రం వేదిక మీద ఆశ్రిత సంగీతంతో కలిపి పాడేది ఆయనే. ఏ చెవి పనిచేస్తుందో సైగతో అడిగి తెలుసుకుని, అటువైపు జరిగి చెప్పాడు.

"మా తాతలు అడవిలోనే పుట్టినారు, అడవిలోనే పోయినారు. ఇప్పుడు ఫారెస్టోళ్ళు కాయితం తెమ్మంటాండారు. లేకుంటే లేసి పొమ్మంటాండారు."

"ఏం పాట పాడతావన్నా?"

"తేనె పాట. కొండ అంచు మీద నుంచి తాడు కట్టుకోని దిగతాం. కింద లోయ. పైన తాడు బావమరిదే పట్టల్ల. సొంత తమ్ముడు పట్టగూడదు."

"యాలన్నా?"

"బావ పడితే తెగేది సొంత అక్క తాళి గదా. పాణం పోయినా బావమరిది తాడు ఇడిసిపెట్టడు."

తిప్పేస్వామి వేదిక దాకా పాకిన లావుపాటి నల్ల కేబులును చూపించి నవ్వాడు. "నాదీ తాడే గదన్నా."

"అట్లయితే నువ్వు నా బావమరిదివే," అన్నాడు లింగన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఐదింటికి ఆశ్రిత మొదలుపెట్టింది. ఏ పెళ్ళికీ తేనంత పెద్ద బేసు స్పీకర్లు ఈసారి నేల మీదే పెట్టారు. తిప్పేస్వామి ఎప్పటిలాగే చెప్పులు విడిచి కూర్చున్నాడు. ముందు అరికాళ్ళలో ఏదో కదిలింది. అది మోకాళ్ళకు పాకింది, పక్కటెముకల్లోకి వచ్చింది, దవడల దాకా ఎక్కింది. ఇంజను తేడా చేసిందేమోనని గాబరాగా గ్లాసు వైపు చూశాడు. ఇంజను వలయాలు సన్నగా ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి మీద ఇంకో వరస వలయాలు, పెద్దవి, తాళం తప్పకుండా, ఒకదాని వెనక ఒకటి పుడుతున్నాయి. అది పాట. ఇన్నేళ్ళూ వేల పాటలకు కరెంటు ఇచ్చి ఒక్కటీ సరిగా విననివాడికి, పాట భూమిలోంచి నడిచి వచ్చి ఒంట్లో కూర్చుంది. గుట్ట మీద గాలిమరల రెక్కలు కూడా ఆ తాళానికే తిరుగుతున్నాయనిపించింది. దేవుడా, లోకంలో ఇంత ఉందా అనుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

ఆరున్నరకు లింగన్న వేదిక ఎక్కాడు. ఆయన పాట మొదలైన కాసేపటికి గ్లాసులో నీళ్ళు ఎగిరాయి. రోజంతా లేచిన ఎర్రదుమ్ము రేడియేటరు జాలీని మూసేసింది. ఇంజను సలసలా కాగుతోంది. బిందెలు ఖాళీ, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగిలింది తను తాగడానికి తెచ్చుకున్న ఐదు లీటర్ల క్యాను. తువ్వాలుతో జాలీ దులిపాడు. అదే తువ్వాలు తడిపి రేడియేటరు మూత మెల్లగా తిప్పి, ఆవిరి పోనిచ్చి, క్యానులో నీళ్ళు కొంచెం కొంచెంగా పోశాడు. చివరి చుక్క పడేసరికి ఎడమ భుజం పట్టేసింది. ఆ నొప్పి ఛాతీలోకి దిగింది.

మాత్ర నాలుక కింద పెట్టుకున్నాడు. ప్రవీణ్‌ను పిలవాలంటే రెండు వందల అడుగులు నడవాలి. నడిచినప్పుడు ఇంజను ఆగిపోతే? అక్కడ లింగన్న తాడు మీద ఉన్నాడు. ఆయన వెనక ఒక అడవి అడవంతా అదే తాడు మీద ఉంది. తిప్పేస్వామి నడవలేదు. నోరు పిడచకట్టుకుపోయింది, గ్లాసు చేతికందేంత దూరంలోనే ఉంది. అది తీస్తే ఇంజను సంగతి చెప్పేదెవరు? అరికాళ్ళు నేలకు ఆనించి, అరచెయ్యి డబ్బాకు ఆనించి కూర్చున్నాడు. పాట అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి అతనిలో కలుసుకుంటోంది. భయం వేయలేదు.

ఏడు దాటాక ప్రవీణ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, ఒక్క సెకను పోలేదు! కేసుకు సాలినంత వచ్చిందంటాండారు. ఇంగ ఆపేయన్నా!" కుడి చెవి దగ్గరే అరిచాడు. తిప్పేస్వామి తల తిప్పలేదు. గ్లాసు మీద నిలిచిన కళ్ళకు రెప్ప పడలేదు.

వెనకే వచ్చిన లింగన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డబ్బాకు అతుక్కున్న ఆ అరచేతిని రెండు చేతులతో నెమ్మదిగా విడిపించాడు.

"నేను పైకి వచ్చేసినా, బావమరిదీ," అన్నాడు. "ఇంగ ఇడిసిపెట్టు."

ఇంజను ఆపాలని ఎవరికీ తోచలేదు. డబ్బా మీద ఎవరూ ముట్టని గ్లాసులో నీళ్ళు ఇంకా సన్నగా వలయాలు తిరుగుతున్నాయి.