గడియ వేసిన మనిషి

జిరాఫీకి చేత్తో మేత పెట్టేది కూడా ఒక సఫారీయేనా, మీరే చెప్పండి! టెక్సస్ కొండల మధ్య, నది ఒడ్డున లాడ్జి. చెక్క కుటీరాలు, వరండాలో ఊగే కుర్చీలు, ఎదురుగా గడ్డిలో జీబ్రాలు. అంతా బాగానే ఉంది, కాదనను. కానీ వాటికి మనమంటే భయం లేదు, మనకు అవంటే భయం లేదు. పొద్దున్నే జీపెక్కించి, దోసిట్లో మేత గుళికలు పోసి, ఇదిగో ఆఫ్రికా అన్నారు. నా మొహం, ఆఫ్రికా!

నేను ఆఫ్రికాలో కాపురం చేసినదాన్ని. ఎనభైలలో మా ఆయన జగదీష్ జాంబియాలో లెక్కల మాస్టారు. పెళ్ళయిన కొత్తలో, సెలవులకి కఫూయె నది ఒడ్డున ఇలాంటి లాడ్జికే తీసుకెళ్ళారు. సాయంత్రం ఇద్దరం గది బయట కూర్చుని టీ తాగుతుంటే నీళ్ళలోంచి హిప్పో లేచి తిన్నగా మా వైపే వచ్చింది. ఈయనగారు చటుక్కున గదిలోకి దూరి గడియ వేసేసుకున్నారు. కొత్త పెళ్ళాం బయట!

ఈ కథ నేను చెప్పని తెలుగు ఇల్లు ఇప్పుడు మేముండే చాండ్లర్ ఊళ్ళో లేదు. నలుగురు చేరితే చాలు, "వసుమతి గారూ, హిప్పో" అంటారు. నేను మొదలుపెట్టగానే ఆయన చేతిలో ప్లేటు పక్కన పెట్టి మరీ లేచేవారు. "దాని మాటలు నమ్మకండి. టార్చిలైటు కోసం వెళ్ళాను" అనేవారు. "టార్చిలైటుకి గడియెందుకండీ?" అని నేను. ఇక ఇల్లంతా నవ్వులే. నిజం చెప్పొద్దూ, ఆ దెబ్బలాట కోసమే నేను ఆ కథ చెప్పేదాన్ని.

పోయిన దీపావళికి కేశవరావు గారింట్లో ఎప్పటిలాగే చెప్పాను. ఆయన లేవలేదు. తలొంచుకుని బూరె తింటూ కూర్చున్నారు. ఆ తర్వాత డాక్టర్లు, స్కానులు, జబ్బుకో పేరు. ఆ పేరు నా నోటితో అనను.

"అంత లాంగ్ ఫ్లైట్‌లో నాన్నని జాంబియా తీసుకెళ్ళలేం అమ్మా. రివర్, జిరాఫీలు చూస్తే ఏమైనా గుర్తొస్తుందేమో, ట్రై చేద్దాం" అంది మా అమ్మాయి స్మృతి. అలా వచ్చాం. నాకు కావలసింది ఒక్కటే. ఆయన నాతో ఒక్కసారి దెబ్బలాడాలి. నన్ను అబద్ధాలకోరు అనాలి. అంతకు మించి ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

పొద్దున బాగానే ఉన్నారు. జిరాఫీ నాలుక చేతికి తగిలితే పసిపిల్లాడిలా నవ్వారు. ఎండ తగ్గాక అందరం వరండాలో చేరాం. ఇంటి నుంచి మోసుకొచ్చిన పులిహోర పేపర్ ప్లేట్లలో పెట్టాను. నదికి అవతల జింకలు నీళ్ళు తాగుతున్నాయి. మా మనవరాలు దియ నా పక్కన చేరింది.

"అమ్మమ్మా, హిప్పో స్టోరీ చెప్పవా? తాతయ్య కూడా వింటాడు."

స్మృతి నా వంక చూసింది. అయినా మొదలుపెట్టాను. నది, టీ కప్పులు, హిప్పో, అన్నీ చెప్పాను. ఎన్నడూ లేనిది, కావాలనే ఆయన్ని మరింత పిరికివాణ్ణి చేసి చెప్పాను. కోపమైనా వస్తుందేమోనని.

"లోపలికి పోయి టక్కున గడియ వేసుకున్నాడు మహానుభావుడు!" అన్నాను.

దియ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వారు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"ఎవరమ్మా ఆ మనిషి?" అన్నారు.

స్మృతి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏడుస్తోందని తెలుసు. నాకు ఏడవడానికి కూడా తీరిక లేదు, ఆయన ఇంకా నా మొహమే చూస్తున్నారు.

"మళ్ళీ తలుపు తీశాడా?" అని అడిగారు.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గడియ దగ్గరే నవ్వు వచ్చేసేది, నేనూ అక్కడే ఆపేసేదాన్ని. ఆ తర్వాతది చెబితే నవ్వు చప్పబడిపోతుంది.

"తీశాడండీ" అన్నాను. "వెంటనే తీశాడు. చేతిలో స్నానాల బకెట్టు. నన్ను లోపలికి నెట్టి తను గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళు గడగడా వణుకుతున్నాయి. నేను చొక్కా పట్టుకుని లాగినా కదల్లేదు. ఆ హిప్పో గడ్డి మేసుకుంటూ పోయేదాకా అలాగే నిలబడ్డాడు, బకెట్టు ఎత్తి పట్టుకుని."

దియ నవ్వడం మానేసింది. "తాతయ్యా..." అని ఏదో అనబోయింది. వద్దని దాని చెయ్యి నొక్కాను.

ఆయన పులిహోర మెతుకులు ఒక్కొక్కటే ఏరి ప్లేటు అంచున పెట్టారు. తర్వాత నన్ను మందలిస్తున్నట్టు తలెత్తారు.

"అంత భయంలోనూ బయటికొచ్చాడు కదమ్మా. అలాంటివాణ్ణి పట్టుకుని నలుగురిలో నవ్వకండి" అన్నారు.