రేకుల షెడ్డుల ఒడిబియ్యం

కడెం కట్ట చూద్దామని జనం బస్సులెక్కి వస్తరు. గేట్లు చూసి, చేపలు తిని, మంచిగున్నదని పోతరు. నా భార్య సక్కుబాయి పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందనే ఉన్నది. ఇల్లు మునిగితే సర్కారోళ్లు కాయితం రాసుకున్నరు. పుట్టిల్లు మునిగితే ఏ దఫ్తర్ల రాయాలె?

ఊరు మునిగి ఎనిమిదేండ్లాయె. తమ్ముడు హనుమండ్లు ఒక్కసారన్నా అక్కను పిలిచి ఒడిబియ్యం పోయలే. పుట్టింటోళ్లు ఒడి నింపకుంటే ఆడిదానికి ఎనుక ఎవరు లేనట్టే.

"వాడు పిలువకుంటే నేనే పోత" అన్నది సక్కుబాయి. బియ్యం, పసుపు, రవికగుడ్డ తనే మూట కట్టింది. తన ఒడిల పడే బియ్యం తనే మోసుకపోవుడు ఏడన్న ఉన్నదా? నేను నవ్విన. తిట్లు తిన్న. పెద్దపల్లిల రైలెక్కి, మంచిర్యాలల బస్సు మారి వచ్చినం.

హనుమండ్లు కూలోళ్ల కోసం ఏసిన రేకుల షెడ్డుల ఉంటుండు. ముందట కూసోని వల కుడుతుండె. మమ్ముల చూసి పరేషానయిండు.

"బావా, జర చెప్పి రావద్దా? కూసునేతందుకు మంచం గూడ లేదు."

"నీ మంచం కోసం రాలేదురా" అని సక్కుబాయి మూట ముందట పెట్టింది. "ఈ బియ్యం నా ఒడిల పొయ్యి."

మూట విప్పి చూసిండు. మొఖం నల్లగయింది.

"నీ బియ్యం నీకే పోయాల్నా అక్కా? అంత గతిలేనోన్నయిన్నా? గడప లేదు, గోడ లేదు. ఇది ఇల్లు గాదనే పిలువలే."

వాని భార్య దేవవ్వ మా మూట బియ్యం అన్నానికి ఎసట్ల పోసింది. చాటల తమ బియ్యం తెచ్చింది. సగం నూకలే. పసుపు కలిపి, గోనెసంచి మడిచి ఏసి, "కూసో వదినె" అన్నది. మొగడు పెండ్లాం కలిసి ఐదు దోసిళ్లు పోసిండ్రు.

లేచేటప్పుడు ఆ ఒడిల నుంచి ఐదు పిడికిళ్లు పుట్టింట్ల వదలాలె. హనుమండ్లు నీళ్ల దిక్కు చెయ్యి చూపిండు.

"ఆడ వెయ్యక్కా. మనిల్లు ఆడనే గద. పడవ తీస్త."

నేను గూడ లేవబోయిన. సక్కుబాయి ఆ నీళ్లను చూసింది.

"ఆడ ఎవరున్నరురా, వండుకొని తినెటోళ్లు?"

దేవవ్వ బియ్యం కుండ మూత తనే తీసి, తన ఒడిల నుంచి ఐదు పిడికిళ్లు అండ్ల వేసింది సక్కుబాయి.

"బతుకమ్మ పండుగకు నన్ను తోల్కరాను నువ్వే రావాలె. రాకుంటే చెవు పిండుత."

హనుమండ్లు ఏడ్చుకుంటనే చెవు ముందటికి పెట్టిండు.