చుట్టినవారి పేరు

తాతారావుకి ఉన్న కోరిక చాలా చిన్నది. పెళ్ళాం నోట తన పేరు వినాలి. అదీ ఇంట్లో కాదు, రేడియోలో, నలుగురూ వింటుండగా.

ఇంట్లో అయితే ఆ ఆశ ఎప్పుడో వదులుకున్నాడు. సూర్యకుమారి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడకి అతను ‘ఏవండీ’. పైవాళ్ళ దగ్గర ‘మా ఆయన’. ఆధార్ సెంటర్లో భర్త పేరేమిటమ్మా అని అడిగితే, పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచింది తప్ప పెదవి కదపలేదు. మొగుడి పేరు పైకి అనకూడదని కట్టడి చేసిన అత్తగారు ఎప్పుడో పోయింది. అలవాటు మాత్రం ఉండిపోయింది. ఊరంతా పిలిచే పేరు ఒక్క మనిషి పిలవకపోతే వచ్చే నష్టమేమిటని తాతారావు తనకి తనే చాలాసార్లు నచ్చజెప్పుకున్నాడు. చెప్పుకున్నంతసేపూ బాగానే ఉండేది.

రేడియో సంగతి వేరు. వాళ్ళింట్లో ఉన్నది పాటలు వినే రేడియో కాదు. లైసెన్సు పుచ్చుకుని, సొంత సెట్టు పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో కబుర్లాడే హామ్ రేడియో. ఆ పిచ్చి మొదట పట్టింది తాతారావుకే. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం తగ్గించుకుని అల్లవరంలో ఇంటిపట్టున ఉండడం మొదలెట్టాక, పొద్దుపోక పుస్తకాలు తెప్పించాడు. ఒక్కడూ చదువుతుంటే నిద్రొస్తోందని పక్కన ఆవిడని కూర్చోబెట్టుకున్నాడు. పరీక్షకి ఇద్దరూ వెళ్ళారు. తనకి తోడుగా ఆవిడ వస్తోందని ఊళ్ళో చెప్పి మరీ వెళ్ళాడు.

తీరా చూస్తే సూర్యకుమారి నాన్నగారు పాతకాలపు తంతి ఆఫీసు మనిషి. చిన్న కూతలూ పొడుగు కూతలూ కలిపి ఇంగ్లీషు అక్షరాలు పంపే ఆ మోర్సు భాష, ఆవిడ చిన్నప్పుడు కంచం మీద చెంచాతో కొట్టి ఆడుకున్నదే. ఆవిడ పాసైంది. తాతారావు మోర్సులో పోయాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పోయాడు. మోర్సు అక్కర్లేని చిన్న లైసెన్సు ఒకటుంది గానీ, గోడ మీద పెళ్ళాం పెద్ద లైసెన్సు పక్కన తన చిన్న లైసెన్సు వేలాడదీసుకునేంత గతి తనకి పట్టలేదని భీష్మించుకున్నాడు. ఆ పంతం వల్ల ప్రపంచానికి ఏం నష్టం జరిగిందో ఇంతవరకూ తెలియలేదు.

దాంతో సెట్టు ఆవిడది, గొంతు ఆవిడది. చట్టం లెక్కలో తాతారావు ఆ గదిలో ఇంకో కుర్చీ. అతని వాటాకి మిగిలింది యాంటెన్నా ఒక్కటే. డాబా మీంచి కొబ్బరిచెట్టుకి తీగ కట్టించేదీ, గాలికి తెగితే మళ్ళీ కట్టించేదీ అతనే.

హామ్ రేడియో వాళ్ళకి ఒక మర్యాద ఉంది. కుశలప్రశ్నలయ్యాక మీ సెట్టేమిటి, యాంటెన్నా ఏమిటి, కొన్నారా, చేసుకున్నారా అని అడిగి తీరతారు. చేసుకున్నదైతే చేసినవారి పేరడిగి మెచ్చుకుంటారు. తాతారావు ఆశంతా ఆ ప్రశ్న మీదే.

అది ఒకసారి వచ్చింది కూడా. రాజోలు నుంచి మస్కట్ వెళ్ళి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పోతురాజు, సాయంత్రాలు సూర్యకుమారితో రేడియోలో కలుస్తుండేవాడు. యాంటెన్నా ఎవరు కట్టేరని అడిగితే ఆవిడ ‘మా ఆయనండి’ అంది.

“బావగారి పేరేంటండీ అక్కగారూ?”

సూర్యకుమారి మైకు తీసుకొచ్చి మొగుడి మూతి ముందు పెట్టింది. లైసెన్సు లేనివాడు అందులో మాట్లాడకూడదు. తాతారావు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అవతల పోతురాజు వింటున్నానండీ, వింటున్నానండీ అంటున్నాడు. సముద్రం అవతలి నుంచి మెచ్చుకోవడానికి ఒక మనిషి సిద్ధంగా ఉంటే, ఇవతల తన పేరు తనే మింగేసి గుడ్లు మిటకరిస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి పోతురాజు అతన్ని బావగారితో సరిపెట్టేసి, పేరడగడం మానేశాడు.

ఉత్త తీగ కట్టినవాడి పేరు ఎవరికి కావాలి, ఏదైనా పనితనం చూపిస్తే వాళ్ళే అడుగుతారు, ఈవిడా చెప్పక చస్తుందా అని తాతారావు ఆలోచించాడు. ఆ ఆలోచనే ట్రాన్స్‌ఫార్మర్ దాకా తీసుకెళ్ళింది.

అప్పటికే కొత్త తీగ ఒకటి లాగించి ఉన్నాడు. దానికి ఒక కొస నుంచే శక్తి ఎక్కించాలి. అయితే సెట్టుకీ ఆ తీగకీ పొత్తు కుదరదు. మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండి రెండింటినీ కలపాలి. పెద్ద పనేం కాదు. గాజంత ఫెర్రైటు రింగు ఒకటి ఉంటుంది, దాన్ని కోరు అంటారు. దాని మీద రాగితీగ ఇటు రెండు చుట్లు, అటు పద్నాలుగు చుట్లు చుట్టడమే. డబ్బాలో పెట్టి రెడీమేడ్‌గా కూడా అమ్ముతారు. తెప్పించేద్దామండీ అంది సూర్యకుమారి. కొన్నదానికి చుట్టినవారి పేరు ఎవరడుగుతారు? తనే చుడతానన్నాడు.

కోర్లు రెండు రకాలు తెప్పించాడు. ఒక రకం షార్ట్‌వేవ్ శక్తిని ఇటు నుంచి అటు భద్రంగా దాటిస్తుంది. రెండోది, వెనక రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్ల గోల రేడియోలోకి రాకుండా మింగడానికి. దాని గుండా శక్తి పంపితే ఆ శక్తినీ మింగేస్తుంది, మింగి కాలిపోతుంది. పైకి చూస్తే మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి, అదే బూడిద నలుపు, అదే సైజు. అందుకే అమ్మినవాళ్ళు ఒక్కోదానికీ నంబరున్న కాగితం చుట్టి పంపారు. తాతారావు ఆ కాగితాలన్నీ విప్పి పారేసి, కోర్లన్నీ ఒకే బుట్టలో పోశాడు.

“కాగితాలు తీసేసేరేంటండీ? ఏది ఏదో ఎలా తెలుస్తుంది?”

“కాయలకి కాగితాలు కట్టుకునే వ్యాపారం చేసేనా ఇన్నాళ్ళూ?” అన్నాడు.

అదీ ధీమా. కొబ్బరికాయని గోటితో కొట్టి లేతదో ముదురుదో, నీళ్ళున్నాయో ఎండిపోయిందో చెప్పగలడు. ఆ విద్యకి అంబాజీపేటలో ఎదురులేదు. సరే, కాయల దగ్గర లేదు. ఆ ఊపులో బుట్ట ముందేసుకుని ఒక్కో కోరునీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. ఖంగుమన్నది ముదురు, మొద్దుగా పలికింది లేత అని రెండు కుప్పలు పోశాడు. ముదురు కుప్పలోంచి బాగా పలికినదాన్ని ఏరి, తీగ కొస కాలి బొటనవేలి సందున బిగించి, పొందిగ్గా చుట్టాడు. చూడ్డానికి నగలా ఉంది. డబ్బాలో పెట్టి మూత బిగించే ముందు వీధిలో పోయేవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి చూపించాడు కూడా.

ఆ సాయంత్రం పోతురాజు తగిలాడు. సూర్యకుమారి రెండు మాటలు మాట్లాడిందో లేదో, అక్కగారూ మీరు తగ్గిపోతున్నారండీ అన్నాడు. ఇంకాసేపటికి అసలు వినబడ్డం లేదన్నాడు. గదిలో కాలిన వాసన మొదలైంది. కొత్తగా ఏమైనా మార్చేరా అని అతను అడిగితే, ఆవిడ ఉన్నమాట చెప్పింది.

“ట్రాన్స్‌ఫార్మర్ మార్చేవండి. మా ఆయనే చుట్టేరు.”

అంతవరకూ గింజుకున్న సిగ్నలు సరిగ్గా ఆ మాటని మాత్రం అక్షరం పొల్లుపోకుండా మస్కట్‌కి మోసుకెళ్ళింది. పోతురాజు నవ్వు కూడా స్పష్టంగానే వచ్చింది. మూత తీసి చెయ్యి పెట్టిన తాతారావుకి వేలు చుర్రుమంది.

ఇంకోటి చుట్టాడు. అదీ కాలింది. సూర్యకుమారి నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అని తేలికపడేవాడు. ఇదొక్కసారి చూద్దామండీ, లేకపోతే రెడీమేడ్‌ది తెప్పించేసుకుందాం అని మెల్లిగా అంది, అంతే. ఆ మెత్తదనానికే తాతారావుకి చచ్చేంత సిగ్గేసింది. రెడీమేడ్ డబ్బా గుమ్మంలోకి వచ్చిన రోజున ఆ గదిలో తనకి కుర్చీ కూడా అక్కర్లేదు.

బుట్ట మళ్ళీ ముందేసుకున్నాడు. మళ్ళీ మీటాడు. ముదురూ ఖంగుమంది, లేతా ఖంగుమంది. మొన్న రెండు కుప్పలుగా పలికింది కోర్లు కాదు, తన గొప్ప. కాయలో నీళ్ళుంటాయి, కొబ్బరి ఉంటుంది, పలుకుతుంది. కాల్చిన మట్టి గాజు లాంటి దీనిలో ఏముందని పలుకుతుంది?

పరీక్ష రోజుల్లో కొన్న చిన్న మీటరు ఒకటి, కవరు కూడా విప్పకుండా బీరువాలో ఉంది. తీశాడు. ఒక్కో కోరుకీ అవే పది చుట్లు చుట్టి మీటరుకి తగిలించి చూశాడు. కొన్నింటికి ఒక అంకె చూపించింది, మిగతావాటికి దానికి ఆరింతలు చూపించింది. సందేహానికి చోటే లేదు. గోల మింగేవి ఆరింతల కుప్ప, శక్తి దాటించేవి చిన్న అంకె కుప్ప. తను రెండుసార్లూ ఏరి ఏరి ఆరింతల కుప్పలోంచే తీశాడు. ఈ పని ఎవరైనా మొదటిరోజే చేసుకుంటారు. తాతారావు రెండు కోర్లు తగలేసి, ఊరంతా చూపించుకుని, ఆఖరికి చేశాడు.

ఈసారి ఎవర్నీ పిలవలేదు. నగలా ఏం కనిపించలేదు కూడా. తీగ రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టు అని పైకి లెక్కపెట్టుకుంటూ చుట్టి, మూత బిగించి, సెట్టుకి తగిలించి తన కుర్చీలో కూర్చున్నాడు.

సాయంత్రానికి చెరువుల్లో ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. రేడియోలో ఒకటే బరబర. ఆ గోలలో మాట తెలియదని సూర్యకుమారి మైకు పక్కన పెట్టి మోర్సు మీట అందుకుంది. కూతలైతే ఎంత గోలలోంచైనా తెలుస్తాయి, తెలిసేవాళ్ళకి. తాతారావు ఎప్పటిలాగే ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాడు.

పోతురాజు పలికాడు. కూతలు కుయ్‌కుయ్‌మని వచ్చాయి.

“ఏవంటున్నాడు?”

“మన కూతలు గట్టిగా వినబడుతున్నాయంటున్నాడండి.”

తాతారావు మూత తీసి కోరు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఆవిడ చాలాసేపు పంపింది, అతను చాలాసేపు పంపాడు. కోరు చల్లగానే ఉంది. తాతారావు చెయ్యి మాత్రం అక్కడి నుంచి తియ్యలేదు.

ఇంతలో పోతురాజు ఏదో అడిగి ఆగాడు. అదేమిటో ఈసారి సూర్యకుమారి మొగుడికి చెప్పలేదు. మొగుడి వంక చూడకుండా పైట సర్దుకుంది. తర్వాత, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా పంపడం మొదలుపెట్టింది.

ఒక పొడుగు కూత. ఆగి, ఒక చిన్నదీ ఒక పొడుగూ. మళ్ళీ ఒక పొడుగు. మళ్ళీ ఒక చిన్నదీ ఒక పొడుగూ.

మొదటిది టీ. రెండోది ఏ. మోర్సులో మొట్టమొదట చెప్పే అక్షరాలవి, తాతారావు చదువు ఇంచుమించు అక్కడే ఆగిపోయింది. టీ, ఏ, టీ, ఏ. టాటా చెప్పేస్తోంది కాబోలు, మాటలైపోయాయి అనుకున్నాడు. ఆ తర్వాతవి యథాప్రకారం కలగాపులగం అయిపోయాయి గానీ, చివర మూడు పొడుగు కూతలు వచ్చాయి. మూడు పొడుగులంటే ఓ. ఓడ మునిగిపోతున్నప్పుడు కొట్టే ఎస్.ఓ.ఎస్. నడిమి అక్షరం, అది ఎవరికైనా తెలుసు.

అవతలి నుంచి పోతురాజు అదే మాటని అంతే నెమ్మదిగా తిప్పి పంపాడు. టీ, ఏ, టీ, ఏ, ఏదో, ఏ, ఓ.

టాటాకి చివర ఓ ఎందుకుంటుందని తాతారావుకి అప్పుడు తట్టింది. ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. కొంచెం తేరుకున్నాక, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని అడిగాడు.

“ఏవడిగేడు?”

“కోరు ఎవరు చుట్టేరని అడిగేడండి.”

“ఏం చెప్పేవు?”

“మా ఆయనే అని చెప్పేనండి.”

ఆవిడ మొహం ఎర్రబడి ఉంది. అబద్ధం చెబుతోందని తాతారావుకి తెలుసు. పరీక్ష తప్పినవాడికి ఏం అర్థమవుతుందిలే అన్న ధైర్యం. ఆ ధైర్యం చెడగొడితే మళ్ళీ జన్మలో ఆ మాట వినబడదని కూడా తెలుసు. జీవితంలో మొదటిసారి, తెలిసినదాన్ని తెలియనట్టు దాచుకున్నాడు.

“ఈ మోటార్ల గోలలో అతనికి సరిగ్గా అంది ఉండదు” అన్నాడు. “ఇంకోసారి పంపు.”

“అందిందండీ. తిప్పి కూడా పంపేడుగా.”

“అయినా పంపు.”

సూర్యకుమారి ఈసారి అతని వంక చూసింది. తాతారావు ఏమీ తెలియని మొహం పెట్టాడు. అది అతనికి కష్టపడి తెచ్చుకోవలసిన మొహం కాదు.

“ఆయ్” అని ఆవిడ మీట వైపు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ పంపింది.