రాళ్ళగూడెం బాట

“ఊర్లువట్టి తిరిగే కాళ్ళు ఇసుర్రాయి కాడ ఏడ నిలుస్తయి?” అంది అత్త మారెమ్మ, జంగమ్మ తలమీది గంప దించకముందే.

తెల్లారకముందే ఇబ్రహీంపట్నం చెరువు చేపలతో బయల్దేరి, గుట్టల్లోని ఏడు గూడేల్లో నాలుగు తిరిగి, పొద్దువాలే వేళకు ఇల్లు చేరింది జంగమ్మ. కాళ్ళు కడుక్కొని జొన్నలు విసరడానికి కూర్చుంది. లోపల సంగం నాయకుడు అమరేందర్ ఉన్నాడు. హైదరాబాదులో చదువు మానుకొని నిజాం సర్కారు మీద పోరాటానికి వచ్చిన యువకుడు. ఆయనకు రొట్టెలు కావాలి.

“ఏడు గూడేలను ఒక్కటి చేసిన మొనగానివి బాలస్వామన్నా,” అంటున్నాడాయన. జంగమ్మ మొగుడు బాలస్వామి మీసం కింద నవ్వుకున్నాడు. మూడో గూడెం దాటి ఏనాడూ అడుగు పెట్టని మనిషి అతడు. అవతల ముళ్ళబాట, మోకాళ్ళ నొప్పి అనేవాడు. అతడు రాసిన చీటీలు జంగమ్మ తలమీది చుట్టబట్టలో, గంప కింద నలుగుతూ వెళ్ళేవి. చీటీల్లో లేని సంగతులు ఆమె నోట వెళ్ళేవి. ఎక్కడ ఉప్పు నిండుకుంది, ఎవరి బిడ్డకు జ్వరం, రజాకార్లు ఏ దిక్కుగా వస్తున్నారు. రెండేళ్ళ కిందట ఒక గూడేనికి పక్క గూడెం పేరే తెలియదు. ఇప్పుడు ఒకచోట దాడి జరిగితే, మధ్యాహ్నానికి మిగతా ఆరు చోట్లా గింజలు దాపుడు గుంతల్లోకి దిగుతున్నాయి.

రొట్టెలు పెడుతూ జంగమ్మ ఆగలేక అంది: “అన్నా, ఏడోది రాళ్ళగూడెం. ఆడ బాయి ఎండింది. వాండ్లు పాత జాగ ఇడిచి గుట్ట అవుతల గుడిసెలేసుకున్నరు.”

అమరేందర్ పెన్సిల్ తీశాడు. రాయబోతూ బాలస్వామి వైపు తిరిగాడు. “నిజమేనా అన్నా?”

“దానికేమెరుక? చేపలమ్ముకునేది.”

ఇద్దరూ నవ్వారు. పెన్సిల్ జేబులోకి పోయింది. జంగమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకొని పొయ్యి దగ్గరికి వచ్చింది. నా కాళ్ళు తెచ్చిన మాటకు ఈయన సాక్ష్యం కావాల్నా అనుకుంది. పైకి అనలేదు. అనని మాటలు ఆ ఇంట్లో ఆమెకు చాలానే పోగుపడ్డాయి.

ఆమెకు చదువొస్తుందన్నది వాటిలో ఒకటి. ఐదో గూడెంలో సంతోషమ్మ ఉంది. ప్రార్థనకు కూడినవాళ్ళకు బైబిలు చదివి వినిపించే మనిషి. బదులు చీటీ కోసం జంగమ్మ కూర్చునే కాస్త వ్యవధిలో, బండమీద సున్నపుముక్కతో అక్షరాలు దిద్దించేది. “గంపల ఏమున్నదో తెల్వకుండ మోస్తరా జంగమ్మా?” అనేది. రెండు వానకాలాలు పట్టింది. మొగుడి చీటీని మాత్రం ఆమె ఏనాడూ విప్పలేదు. అది నమ్మకం అనుకునేది.

శ్రావణంలో రజాకార్లు బాట మీద ఆపి గంప బోర్లించారు. వాళ్ళు చుట్టబట్ట విప్పేలోగా జంగమ్మ చీటీ మింగేసింది. రెండు రోజులు ఒక కొట్టంలో పెట్టి అరికాళ్ళ మీద కొట్టారు. ఎవరి పేరూ చెప్పలేదు. కుంటుకుంటూ ఇంటికొస్తే బాలస్వామి కాళ్ళవంక చూడలేదు.

“ఏం చెప్పినవ్?” అన్నాడు.

“ఏం చెప్పలె.”

“రెండు దినాలు ఉత్తగనే ఉంచుకున్నరా?”

ఆ రోజు నుంచి మారెమ్మ ఆమె కంచం వసారాలో వేరుగా పెట్టింది. బాలస్వామి పక్క వేరు చేసుకున్నాడు. చీటీల మోత మాత్రం ఆగలేదు.

భాద్రపదంలో భారత యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పారిపోయారని ఊరు డప్పులు కొట్టింది. పది రోజులు కాకముందే ఆ సైన్యమే సంగం వాళ్ళ కోసం గూడేలు వెతకడం మొదలుపెట్టింది. రాళ్ళగూడెం పాత బావి దగ్గర సైన్యం డేరాలు లేచాయి. జంగమ్మ కళ్ళారా చూసి వచ్చి చెబితే, “నిన్నెవలడిగిండ్రు?” అన్నాడు బాలస్వామి. మర్నాడే చీటీ రాసి ఆమె చేతిలో పెట్టాడు. “రాళ్ళగూడెంల కాశయ్యకియ్యి. జల్ది పో.”

వాగు దగ్గర నీళ్ళు తాగడానికి గంప దించింది. చీటీ చేతికి తగిలింది. మొదటిసారి విప్పింది.

‘సైన్యం రేపు గుట్టల్లోకి వస్తుంది. అందరూ పాత బావి కాడికి చేరండి. మనవాళ్ళు కలుస్తారు. ఈ చీటీ తెచ్చే మనిషికి ఇక ఏ సంగతీ చెప్పకండి. రజాకార్ల దగ్గర ఉండి వచ్చింది. ఇకమీద సంగం మనిషి ముత్యాలు వస్తాడు.’

రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు. తన పేరు కూడా రాయలేదు. తెచ్చే మనిషి! పదకొండేళ్ళ కాపురం. అరికాలి పుండ్లు ఇంకా మానలేదు. చీటీ వాగులో పారేసి ఇంటికి పోవచ్చు. కానీ పైన ముప్పై గుడిసెల జనం ఉన్నారు. ఇంకెవరైనా వచ్చి ఇదే మాట చెబితే వాళ్ళు నేరుగా డేరాల్లోకే నడుస్తారు. గంప వాగొడ్డునే వదిలి గుట్ట ఎక్కింది.

రాళ్ళగూడెంలో నాలుగక్షరాలు వచ్చినవాడు కాశయ్య ఒక్కడే. అతడు చీటీ కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు. అందరినీ పిలిచి తానే చదివింది. తన గురించిన మాటలు మింగేస్తే ఎవరికీ తెలియదు. మింగలేదు. చివరిదాకా చదివింది.

“బాయి కాడ డేరాలున్నయి. నేను చూసిన. వాగువెంట దిగి పోదాం, నేను తోల్కపోత.”

కాశయ్య లేచాడు. “నిన్ను నమ్మొద్దని నీ మొగడే రాసె. మొగోడు రాసింది అబద్ధమా, నువ్వు చెప్పేది నిజమా?”

చంటిదాన్ని ఎత్తుకున్న ఎంకమ్మ ముందుకొచ్చింది. “రెండు దినాలు కొట్టిండ్రు. గీమె మన పేరు చెప్పి ఉంటే, మనం ఇయ్యాల ఈడ ఉందుమా కాశయ్యా?”

ఆమె జంగమ్మ పక్కకు నడిచింది. వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ముసలివాళ్ళు, చివరికి మగవాళ్ళు. కాశయ్య, మరో ఇద్దరు మాత్రం బావి దారి పట్టారు. ఆ ముగ్గురినీ ఆ పొద్దే సైనికులు పట్టుకుపోయారు. మిగతావాళ్ళు వాగువెంట దిగారు. ముందుపోయిన కుర్రవాడి కబురు విని ఐదో గూడెం నుంచి సంతోషమ్మ వాళ్ళు అన్నం వండి ఎదురొచ్చారు. అక్కడి నుంచి వాళ్ళను మరో గూడెం మనుషులు తీసుకెళ్ళారు.

మూడో రోజు జంగమ్మ ఇల్లు చేరేసరికి, ఆమె చీటీ చదివిన కబురు ముందే చేరింది. అమరేందర్ కూర్చొని ఉన్నాడు. బాలస్వామి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. మనుషులు బతికారా అని అడగలేదు.

“నా చీటీ ఇప్పినవా? నీకు సదువు ఎవలు నేర్పిండ్రే?”

అమరేందర్ లేచి వచ్చాడు. మొదటిసారి ఆమె ముఖం చూసి మాట్లాడాడు. “వదినె, రాళ్ళగూడెపోల్లు ఏడున్నరో నీకే ఎరుక. జాగ చెప్పు. బాలస్వామన్న పోయి కలుస్తడు.”

“ఎరుకే.”

“ఎరుకైతే చెప్పరాదా?” అని అరిచాడు బాలస్వామి.

ఆమె మొగుడి కళ్ళలోకి చూసింది.

“చెప్ప. ఇడిసొచ్చేటప్పుడు వాండ్లు నా చెయ్యివట్టుకొని ఒక్కటే మాట తీసుకున్నరు. నీకు చెప్పొద్దని.”